రాళ్ళ మధ్య చిన్న మడుగు

అమీర్‌పేటలో ఉండేవాళ్ళకి నీళ్ళు మూడే రకాలు. కుళాయి నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, గట్టి వానొస్తే మైత్రీవనం దగ్గర నిలిచే నీళ్ళు. నాలుగో రకం చూడాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం వెళ్ళాల్సిందే. మా ఆడపడుచు లాసన్స్ బే కాలనీలో ఉంటుంది కాబట్టి ఏడాదికోసారి మాకా భాగ్యం దక్కుతుంది. వెళ్ళినప్పుడల్లా అందరిలాగే ఆర్కే బీచ్‌లో కాళ్ళు తడుపుకుని, మురీ మిక్స్చర్ తిని, సబ్‌మెరైన్ మ్యూజియం ముందు ఫొటో దిగి వచ్చేసేవాళ్ళం. 2025 సంక్రాంతికి మాత్రం వేరేది చూశాం. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య మిగిలిపోయే నీటి మడుగుల్ని.

బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో చెలియలికట్ట అనే మాట నాకు విశ్వనాథ సత్యనారాయణగారి నవల పేరుగానే తెలుసు. సముద్రం దాటని హద్దు అని అర్థం చెప్పుకుని పరీక్ష రాసేశాం. అక్కడ నిలబడి చూస్తే ఆ హద్దు ఒక గీత కాదు, వెడల్పాటి పట్టీ. రోజుకి రెండుసార్లు సముద్రం, రెండుసార్లు నేల. ఇటు ఎండకీ అటు అలకీ తట్టుకోగలిగిన ప్రాణులే అక్కడ కాపురం ఉంటాయి.

నీరు ఎక్కితే పోటు, దిగితే ఆటు. ఒక పోటుకీ దాని తర్వాతి ఆటుకీ మధ్య ఆరుగంటల పైచిలుకు. రోజురోజుకీ ఆ వేళ యాభై నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది, మన పాత లెక్కలో రెండు ఘడియల పైమాట. అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ వెంటనే వచ్చే రెండు రోజులూ నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. విశాఖలో అలాంటి రోజుల్లో కూడా తేడా మీటరున్నర ప్రాంతమే. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దగ్గరైతే పది మీటర్ల దాకా ఉంటుందట. అయినా మనకి ఆ మీటరున్నర చాలు, రాళ్ళు బయటపడటానికి. తమాషా ఏమిటంటే, దేశం మొత్తానికి ఈ ఆటుపోట్ల అంచనాలు చెప్పేది, సునామీ హెచ్చరికలు ఇచ్చేది సముద్రమే లేని మన హైదరాబాదు నుంచి. ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ ఆ పని చేస్తుంది. మావాడు వాళ్ళ వెబ్‌సైట్ చూసి, అత్తయ్యగారు పంచాంగం చూసి, ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఆ ఏడు భోగి నాడే పౌర్ణమి. కాబట్టి కనుమ నాటి సాయంత్రం మంచి ఆటు.

"కనుమ నాడు కాకి కూడా కదలదు" అని మావారు గుర్తుచేశారు. "పొలిమేర దాటితేగా ప్రయాణం. అయినా పశువులకి దణ్ణం పెట్టే రోజు, నీళ్ళలో ఉన్నవాటిని చూసొస్తే తప్పేముంది" అని అత్తయ్యగారు తీర్పు చెప్పి, నల్లగొడుగు పట్టుకుని ముందుగా ఆటో ఎక్కేశారు.

ఇక్కడ మావాడి గురించి ఒక మాట చెప్పాలి. అప్పుడు పదో తరగతి. జూన్‌లో ఇంటర్‌కి హాస్టల్లో వెయ్యాలని నిశ్చయమైపోయింది. వాడికి ఇష్టం లేదు. ఇష్టం లేదని అననూ అనలేదు, మాట్లాడటమే తగ్గించేశాడు. "తిన్నావా?" "ఊఁ." "చదివావా?" "ఊఁ." మా ఇద్దరి మధ్యా కొన్ని నెలలపాటు భాష అంతే. వాళ్ళ నాన్నతో ఆ "ఊఁ" కూడా లేదు. వెళ్ళేలోపు అందరం కలిసి గడిపే చివరి సెలవులు ఇవేనని నాకు తెలుసు.

తెన్నేటి పార్కు దిగువన, కైలాసగిరి కొండ పాదాల దగ్గర ఆ రాళ్ళున్నాయి. ఎర్రమరకల గట్టి రాయి. ఖోండలైట్ అంటారు, ఖోండు గిరిజనుల పేరుమీద పెట్టిన పేరు. మేం మూడింటికి చేరాం. నీరు పూర్తిగా దిగడానికి గంట ముందే వెళ్ళాలి, అలల వెనకాలే నడుస్తూ చూసుకోవాలి అని మావాడు చదువుకుని వచ్చాడు. విశాఖలో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ అనే బృందం ఇలా ఆటు వేళ జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తుంది. ముంబైలో మెరైన్ లైఫ్ ఆఫ్ ముంబై వాళ్ళూ అలాగే చేస్తారు. వాళ్ళు పెట్టిన ఫొటోలు చూసే వీడికి ఈ పిచ్చి పట్టింది.

మొదటి పావుగంట నాకేమీ కనబడలేదు. రాళ్ళు, పాచి, నీళ్ళు. "అమ్మా, వెతకొద్దు. ఒకే గుంట దగ్గర కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. స్టవ్ మీద పాలు పెట్టి చూసినట్టు చూశాను. అప్పుడు ఒక్కొక్కటే కదలడం మొదలైంది. గులకరాయి అనుకున్నది నడిచింది. అది హెర్మిట్ క్రాబ్, అంటే సన్యాసి పీత. పేరుకే సన్యాసి, ఖాళీ అయిన నత్తగుల్ల ఏదైనా దొరికితే అందులో అద్దెకి దిగుతుంది. ఒళ్ళు పెరిగితే ఇంకాస్త పెద్దిల్లు వెతుక్కోవాలి. రాతికి అంటిన తడి జిగురుముద్ద నీళ్ళలో ఉన్నచోట మాత్రం పువ్వులా విచ్చుకుని ఉంది. అది సీ ఎనిమోన్. పువ్వు కాదు, జంతువు. ఆ రేకుల్లాంటివాటితో కుట్టి చిన్నచిన్న ప్రాణుల్ని పట్టుకు తింటుంది. పై రాళ్ళమీద గరుగ్గా అరికాలికి గుచ్చుకునేవి బార్నకిల్స్. తల రాయికి అతికించుకుని, పోటు వచ్చినప్పుడు కాళ్ళతో ఆహారాన్ని నోట్లోకి తోసుకుంటాయట. వాటి పక్కనే ఆల్చిప్పలు, చిన్న నత్తలు. ఇంకా కిందికి వెళితే ఆకుపచ్చ నాచు, దాని కింద పీతలు. చేప ఒకటి నీళ్ళలోంచి ఎగిరి రాయిమీద కూర్చుని మమ్మల్ని చూసి, పక్క గుంటలోకి దూకేసింది.

ఫొటో తియ్యడం దగ్గర అసలు పని మొదలైంది. నీటిమీద ఆకాశం మెరుస్తుంటే లోపల ఏమీ రాదు. ఫ్లాష్ వేస్తే మెరుపు ఇంకా ఎక్కువ. దానికి మందు అత్తయ్యగారి నల్లగొడుగు. నీళ్ళకి అడ్డంగా పడితే చాలు, అడుగుదాకా అద్దంలా కనిపించింది. నీడ ఒక్కసారిగా మీద పడితే పీతలు దాక్కుంటాయి. మెల్లిగా గొడుగు వంచి, ఊపిరి బిగబట్టి రెండు మూడు నిమిషాలు ఆగితే, మనం కూడా రాయేననుకుని అవి బయటికొస్తాయి. ఫోనుకి తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. ఫొటో బాగా రావాలని ఏ ప్రాణినీ చేతిలోకి తియ్యలేదు, కర్రతో కదపలేదు. ఏ ఫోను గురించి ఇంట్లో రోజూ గొడవో, ఆ ఫోను పట్టుకునే నా కొడుకు గంటసేపు కదలకుండా నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. పక్కన గొడుగు పట్టుకుని నేను. ఆ గంటలో వాడు నాతో మాట్లాడినన్ని మాటలు అంతకుముందు ఆరు నెలల్లో మాట్లాడలేదు.

అంతలో మా మేనకోడలు నీళ్ళ సీసా ఊపుకుంటూ వచ్చింది. దానికి తొమ్మిదేళ్ళు. సీసాలో ఒక సన్యాసి పీత. ఇంటికి తీసుకెళ్ళి గాజుగిన్నెలో పెంచుతుందట. కుళాయి నీళ్ళలో ఉప్పు కలిపితే సముద్రం నీళ్ళే కదా అంది. మావాడు అడ్డంపడ్డాడు. ఉప్పు కలిపితే సముద్రం కాదన్నాడు. సీసాలో గాలి అయిపోతుందని, నీళ్ళు వేడెక్కుతాయని చెప్పాడు. పిల్ల ఏడుపు అందుకుంది. "ఒక్కటేగా, పోనివ్వరా" అన్నారు మావారు.

"నాన్నా, ఇవాళ ఈ రాళ్ళమీద నలభైమంది ఉన్నారు. అందరూ ఒక్కటే కదా అంటే?" అన్నాడు వీడు. గొంతు పెంచలేదు. "అయినా దాన్నెవరూ అడగలేదు కదా, వస్తావా అని."

మావారు వాడివైపు చూశారు. ఆ మాట పీత గురించేనా అని నాకనిపించింది, ఆయనకీ అనిపించి ఉంటుంది. ఎవరం ఏమీ అనలేదు. ఆయనే పిల్లని దగ్గరకి తీసుకుని, "ఏ గుంటలోంచి తీశావమ్మా? అక్కడే వదలాలి" అన్నారు. దానికి గుర్తులేదు. తండ్రీకొడుకులిద్దరూ దాన్ని వెంటబెట్టుకుని పది గుంటలు వెతికారు. చివరికి పిల్ల పారేసుకున్న జడ రిబ్బను ఆనవాలు పట్టించింది. పీతని వదిలాక దాని ఫొటో తీసి, ఇంటికెళ్ళగానే ప్రింటు వేయించి ఇస్తానని మావాడు మాటిచ్చాడు. ఇప్పుడది వాళ్ళ ఫ్రిజ్ తలుపుమీద ఉంది.

వెళ్ళాలనుకునే వాళ్ళకి ఇంకో నాలుగు మాటలు. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. అడుగు ఖాళీ రాయిమీదో ఇసుకలోనో వెయ్యండి, నాచుమీదా బార్నకిల్స్ మీదా కాదు. రాయి తిరగెయ్యకండి. అడుగున చీకట్లో బతికేవి ఎండకి చచ్చిపోతాయి. ఖాళీ గుల్ల అని ఏరుకోబోయేముందు లోపల ఎవరున్నారో చూడండి, ఎవరూ లేకపోయినా రేపు ఏదో పీతకి కావలసిన ఇల్లే అది. శంకువు ఆకారంలో ఉన్న అందమైన గుల్లల జోలికి అసలు పోవద్దు. కోన్ నత్తలు విషపుముల్లుతో కుడతాయి, కొన్నిటి విషం ప్రాణాంతకం. చట్టం సంగతీ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద సముద్ర దోసకాయలకి, సముద్ర గుర్రాలకి, పగడాలకి రక్షణ ఉంది. కొన్నిరకాల శంఖాలూ గవ్వలూ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ముఖ్యంగా, సముద్రానికి వీపు పెట్టి కూర్చోకండి.

ఆ చివరి మాట మాకు చెప్పింది అక్కడ ఆల్చిప్పలు ఏరుకుంటున్న ఒక పెద్దావిడ. "నీరు తిరిగిపోనాదమ్మా, పైకొచ్చీండి" అని కేకేసింది. మాకేమీ తేడా తెలియలేదు. పది నిమిషాల్లో మేం కూర్చున్న రాయి తడిసింది. ఆవిడ బతుకుతెరువు ఆ రాళ్ళే. కూర వండుకోవడానికి ఏరుకునే ఆవిడకీ, షోకేసులో పెట్టుకోవడానికి ఏరుకునే మనకీ తేడా ఉందనుకుంటాను. ఆవిడకి నీతులు చెప్పే పని మనకి లేదు, నేర్చుకునేది ఉంది.

జూన్‌లో మావాడు హాస్టలుకి వెళ్ళాడు. అక్కడ ఫోను పెట్టుకోనివ్వరు. వెళ్ళేముందు ఫోను నా చేతిలో పెట్టి, ఐనాచురలిస్ట్ అనే యాప్ ఎలా వాడాలో నేర్పాడు. ఫొటో, చోటు, తేదీ పెడితే తెలిసినవాళ్ళు చూసి ఆ ప్రాణి పేరు చెబుతారు. ఎప్పుడు ఎక్కడ ఏది కనిపించిందో లెక్కా నిలుస్తుంది. కనుమ నాటివి 212 ఫొటోలు. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజుకి నాలుగైదు చొప్పున పెడుతున్నాను.

ఒక ఫొటోలో రాయి పక్కన పసుపుపచ్చ సేమియా చుట్టలాంటిది ఉంది. నాచేమో అనుకున్నాడు వాడు, సందేహంగానే తీశాడు. మొన్న మంగళవారం ఎవరో జవాబు రాశారు. అది నాచు కాదట, సీ హేర్ అనే సముద్రపు నత్త పెట్టిన గుడ్లట. ఆ సన్నటి దారంలో వేలకొద్దీ గుడ్లు ఉంటాయట. మేం నలుగురం దాని పక్కనుంచే నడిచాం, ఎవరి కాలూ దానిమీద పడలేదు.

హాస్టల్ నుంచి ఫోను ఆదివారం వస్తుంది, పది నిమిషాలు. ఈసారి "తిన్నావా" అని అడగను. వాళ్ళ నాన్న అప్పుడే రెండుసార్లు చెప్పారు, "గుడ్ల సంగతి నేను చెబుతాను, నువ్వు చెప్పెయ్యకు" అని.