ఫ్రెట్లు పీకిన బేస్

తన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్ గిటారు ఫ్రెట్లను, అంటే మెడ మీది లోహపు మెట్లను, వెన్న రాసుకునే కత్తితో తానే పీకేశానని బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఒకప్పుడు చెప్పాడు. కాదు, కొనేనాటికే ఎవరో పీకేశారని ఇంకోసారి అన్నాడు. ఏది నిజమైనా నాకు ఇష్టం ఆ తర్వాతి కథ. సముద్రపు ఒడ్డున ఫోర్ట్ లాడర్‌డేల్‌లో పెరిగినవాడు, పడవలకు పూసే ఎపాక్సీ తెచ్చి, ఫ్రెట్లు పోయిన మెడ చెక్క మీద పూశాడు. 1976లో వచ్చిన అతని తొలి ఆల్బం 'డోనా లీ'తో మొదలవుతుంది. అందులో బేస్‌కు తోడుగా కాంగా డ్రమ్ములు తప్ప మరేమీ లేవు. అది విన్నాక ఎంతమంది బేస్ వాద్యకారులు ఇంట్లో పట్టకారు వెతుక్కున్నారో!

పీకడం చూసినంత సులువు కాదు. ఫ్రెట్ అడుగున సన్నని ముళ్లుంటాయి, అవి చెక్కను కరుచుకుని ఉంటాయి. గుంజితే చెక్క పెచ్చులు లేస్తుంది. సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ను వేడెక్కించి, ఒక చివర నుంచి కొద్దికొద్దిగా పైకి లేపాలి. ఖాళీ అయిన గాడుల్లో పలుచని చెక్క పేళ్లు బిగించాలి, లేకపోతే తీగల లాగుడుకు మెడ వంగుతుంది. ఫ్రెట్ల ఎత్తు పోయింది గనక తీగల్ని రెండు చివర్లా కిందికి దించాలి. గరుకు చుట్టు తీగలు చెక్కను ఆకురాయిలా తింటాయి, నున్నటి తీగలు నయం. జాకో మాత్రం గరుకువే వాడాడు. ఆ ఎపాక్సీ అందుకే.

పేళ్లు లేత రంగువైతే పాత ఫ్రెట్ల చోట గీతలు కనబడతాయి. చెవి ఉన్నవాడికి గీతలెందుకని ఎకసెక్కాలాడేవాళ్లున్నారు. జాకో బేస్ మీద గీతలున్నాయి, నాకు ఆ సాక్ష్యం చాలు.

ఇక వాయించడం. ఫ్రెట్లున్నప్పుడు వేలు ఫ్రెట్‌కు కాస్త వెనక నొక్కితే సరిపోతుంది. ఇప్పుడు వేలే ఫ్రెట్, సరిగ్గా గీత మీదే పడాలి. మెడ అంచున ఉన్న చుక్కలేమో రెండు గీతల నడుమే ఉండిపోయాయి. వాటిని నమ్మి నొక్కితే స్వరం దాదాపు అరస్వరంలో సగం దిగి పలుకుతుంది. తీగ పొడవు 34 అంగుళాలు. దాని మీద మొదటి అరస్వరానికి దాదాపు 4.8 సెంటీమీటర్ల చోటుంటే, పన్నెండోదానికి రెండున్నర పైచిలుకు మాత్రమే. పైకి పోయేకొద్దీ వేలికి మన్నింపు తక్కువ.

మన వీణకూ ఫ్రెట్ల లాంటి మెట్లున్నాయి; 24 మెట్లను స్థిరంగా అమర్చే పద్ధతి తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందంటారు. వైణికులు మెట్టు మీదే తీగను పక్కకు లాగి గమకం పలికిస్తారు. బేస్ తీగ లావు, అంతగా లొంగదు. ఇక్కడ వేలు తీగ వెంబడే జారాలి, మన వయొలిన్ విద్వాంసుల పద్ధతిలో. దాంతో కొత్తవాళ్లకు జారుడు వ్యసనమవుతుంది. ప్రతి స్వరాన్నీ ఊయలూపుతారు. తప్పు చోట పడ్డ వేలిని గమకం పేరుతో దాచుకునే ఉపాయం కూడా అందులో ఉందనుకోండి! ముందు కొన్ని నెలలు స్వరాన్ని కదపకుండా నిలబెట్టమనడమే నేనిచ్చే సలహా.

దానికి ట్యూనర్ కన్నా శ్రుతిపెట్టె మేలు. ట్యూనర్ పెడితే కన్ను నేర్చుకుంటుంది, చెవి కాదు. అడుగు తీగను షడ్జమం చేసుకుని, శ్రుతి వింటూ అదే తీగ మీద అంతర గాంధారం వెతకండి. శ్రుతిలో పూర్తిగా కలిసిపోయే గాంధారం గీత మీద దొరకదు, దానికి దాదాపు అర సెంటీమీటరు వెనక దొరుకుతుంది. ఆ గీతలు సప్తకాన్ని పన్నెండు సమభాగాలుగా కోసిన లెక్కవి, సహజమైన గాంధారం ఆ లెక్కకు లొంగదు. అలాగని బృందంలో కూచున్నప్పుడు దాన్ని పట్టుకు వేలాడితే కీబోర్డు వాయించేవాడు మన వంక అదోలా చూస్తాడు. అతని వాద్యానిదీ ఆ పన్నెండు భాగాల లెక్కే, జరపడానికి వీల్లేదు. జరగగలిగింది మనమే గనక మర్యాదగా గీత మీదికి వచ్చేస్తాం.