పగటి నిద్ర మాన్పించాలా?

మా మనవరాలికి మూడేళ్లు నిండాయి. మధ్యాహ్నం పడుకుందంటే రాత్రి పదకొండు దాకా ఇల్లు పీకి పందిరేస్తుంది. ‘పగటి నిద్ర మాన్పించేద్దాం అత్తయ్యా’ అంటుంది కోడలు. నాకు మనసొప్పదు. (ఆ కాసేపు కునుకు దానికంటే నాకే ఎక్కువ అవసరమన్నది వేరే సంగతి!)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం 1-2 ఏళ్ల పిల్లలకి రోజుకి 11 నుంచి 14 గంటలు, 3-4 ఏళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. పగలూ రాత్రీ కలిపే సుమా. ఫలానా నెలలో మాన్పించండని అందులో లేదు.

నన్నడిగితే, పడుకోని రోజు సాయంత్రం పిల్లని చూస్తే చాలు. మాది పెరుగన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని అలాగే తూగుతుంది. గిన్నె జరిపితే రాగం తీస్తుంది. కళ్లు నులుముకుంటూనే ‘నిద్ర రావట్లేదు’ అంటుంది. ఇంకా కావాలన్నమాట. హుషారుగా ఆడుకుని ఎనిమిదింటికి తనే వాలిపోతే అప్పుడు మానేయొచ్చు.

ప్రస్తుతానికి రాజీ కుదిరింది: పడుకోనిస్తాం, మూడింటికల్లా లేపేస్తాం. బంధుమిత్రులకు మనవి, ఒంటిగంట నుంచి మూడు దాకా మా ఇంటికి ఫోన్ చేయకండి.