ఆర్కెస్ట్రాలో ఆడపిల్లా?

మీ ఇంట్లోనూ ఇలాంటి తగువు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. డిగ్రీ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి కీబోర్డు బాగా వాయిస్తుంది. కిందటేడు వినాయక చవితికి ముందు ఒక ఆర్కెస్ట్రా వాళ్ళు తమతో వాయించమని దాన్ని అడిగారు. "ఆర్కెస్ట్రాలో ఆడపిల్లా? అర్ధరాత్రి దాకా పందిట్లో మగవాళ్ళ మధ్య కూర్చుంటావా?" అని ఒక్క మాటతో తేల్చేశాను. మావారు పేపర్లోంచి తల ఎత్తలేదు. అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడోరోజు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, వాదించను. ఒకావిడ కథ చెబుతా, వింటావా?" అంది. ఆ కథే మీకూ చెబుదామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆవిడ పేరు లిల్ హార్డిన్. 1898లో అమెరికాలోని మెంఫిస్‌లో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. పియానో నేర్పించారు గానీ, బ్లూస్, జాజ్ లాంటి పాటలంటే తల్లికి గిట్టదు. మర్యాదస్తుల ఇళ్ళల్లో వినపడకూడని పాటలని ఆవిడ అభిప్రాయం.

1918లో వాళ్ళు చికాగో చేరారు. అక్కడ పాటల నోట్సు అమ్మే దుకాణంలో, కొనేవాళ్ళకి ఆ పాటలు వాయించి వినిపించడం లిల్ ఉద్యోగం. జీతం వారానికి 3 డాలర్లు. ఇంతలో జాజ్‌కి పుట్టిల్లయిన న్యూ ఆర్లిన్స్ నుంచి వచ్చిన ఒక బృందానికి పియానో వాయించే మనిషి కావలసి వచ్చింది. లిల్ వెళ్ళి కూర్చుని, నోట్సు ఇమ్మంది. వాళ్ళకి నోట్సే లేవు! పోనీ ఏ శ్రుతి అని అడిగితే, "రెండు తట్లు వినగానే మొదలుపెట్టెయ్" అన్నారట. తట్లు వినగానే ఈ పిల్ల మొదలుపెట్టేసింది. జీతం మునుపటికంటే ఎన్నో రెట్లు!

ఇంట్లో మాత్రం డాన్సు స్కూల్లో వాయిస్తున్నానని చెప్పింది. ఎన్నాళ్ళు దాగుతుంది? తల్లికి తెలిసిపోయింది. ఆవిడ గొడవ చేసినా, చివరికి పిల్ల రాత్రిపూట ఒంటరిగా రాకుండా ఏర్పాటు చేసుకుని ఒప్పుకుంది.

ఇక్కడ నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

తర్వాత లిల్ కింగ్ ఆలివర్ అనే పెద్దాయన బృందంలో చేరింది. 1922లో ఆయన కార్నెట్ అనే బూర వాయించడానికి, తనకి తోడుగా లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే కుర్రాణ్ణి పిలిపించాడు. మరుసటేడు రికార్డులు చేశారు. అప్పట్లో మైకుల్లేవు, గరాటాలాంటి పెద్ద కొమ్ము ముందు నిలబడి అందరూ కలిసి వాయించాలి. లూయీ ఊదితే గురువుగారి బూర వినపడటం లేదని అతన్ని దూరంగా నిలబెట్టారట. అలా పక్కకి నిలబడి చిన్నబోయిన అతని మొహం లిల్ గమనించింది. 1924లో అతన్నే పెళ్ళి చేసుకుంది. రెండో స్థానంలో ఉండిపోవద్దని పోరుపెట్టి ఆ బృందంలోంచి బయటికి తెచ్చింది. 1925లో లూయీ పేరుతో 'హాట్ ఫైవ్' రికార్డులు మొదలయ్యాయి. కిడ్ ఓరీ, జానీ డాడ్స్, జానీ సెయింట్ సిర్, లూయీ... పియానో దగ్గర లిల్. జాజ్ చరిత్రలో ఆ రికార్డులకి ఇప్పటికీ పెద్దపీటే.

కాపురం మాత్రం నిలవలేదు. 1938లో విడాకులయ్యాయి. ఆవిడ కుట్టుపని నేర్చుకుంది, లూయీకే ఒక సూటు కూడా కుట్టిందట. అయినా పియానో మాత్రం మానలేదు. 1971 జులైలో లూయీ పోయాడు. ఆగస్టు 27న చికాగోలో అతని సంస్మరణ కచేరీలో వాయిస్తూ, పియానో దగ్గరే ఆవిడా కుప్పకూలి కన్నుమూసింది.

మా అమ్మాయి కథ ముగించి లేచి వెళ్ళిపోయింది. నన్నేమీ అడగలేదు. నాకే ఊరుకోబుద్ధి కాలేదు. మీకు చెప్పలేదు కదూ, ఇంటర్ చదివేటప్పుడు నేను బాగా పాడేదాన్ని. "పెళ్ళిచూపుల్లో ఒక పాట చాలు, స్టేజీలెందుకు?" అని మా అమ్మ మాన్పించేసింది. నేను ఎదురు చెప్పలేదు. ఇరవై అయిదేళ్ళయ్యాక అదే మాట, అదే గొంతుతో, నా నోట్లోంచి వచ్చింది.

అమ్మ భయపడటం తప్పు కాదమ్మా. లిల్ వాళ్ళమ్మా భయపడింది. కాకపోతే ఆ భయాన్ని పిల్ల తలుపుకి గొళ్ళెంగా పెట్టలేదు, పిల్ల వెంట తోడుగా పంపింది.

చవితి పందిట్లో నేనూ మావారూ చివరి వరసలో కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ, స్టీలు డబ్బాలో పులిహోర. మా పిల్ల రెండు పాటల్లో తడబడింది, మూడో పాటకి కుదురుకుంది. డ్రమ్ము వాయించే అబ్బాయి పుల్లతో తడుతున్నప్పుడల్లా నా గుండె కూడా దడదడలాడింది. పన్నెండున్నరకి ముగ్గురం కలిసి ఇంటికొచ్చాం. పొద్దున మా అత్తగారు ఏమీ అనలేదు గానీ, కాఫీ గ్లాసు కొంచెం గట్టిగానే పెట్టారు!

అననివ్వండి. ఆ రాత్రి దారిలో మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నువ్వు పాడితే నేను వాయించనా?" ఇంకా జవాబు చెప్పలేదు. మీరైతే ఏమంటారు?