అమ్మమ్మ ఫొటోకి కొత్త ఫిల్టర్లు

8 జూన్ 2025, ఆదివారం

పిన్ని పంపిన అమ్మమ్మ పెళ్లి ఫొటో స్కాన్ చేశాను. మధ్యలో మడత పడి, ఆ గీత వెనక గోడ మీదుగా, చీర అంచు మీదుగా, ఎడమ చెంప దాకా పాకింది. ఫొటోలు దిద్దడానికి నేను వాడే గింప్ ప్రోగ్రామ్‌లో దాన్ని తుడవాలంటే ప్లగిన్ ఉంటే తేలిక. గింప్ 3.0 మార్చిలో వచ్చింది కదా, 2.10కి రాసిన పాత ప్లగిన్లేవీ ఇందులో నడవవు. లోపలి అమరికే మార్చేశారు. ప్లగిన్లు రాసే భాషల్లో పైథాన్ 2 పోయి పైథాన్ 3 వచ్చింది. ఇబ్బందే అయినా మంచి పనే చేశారు. పైథాన్ 2ని దాన్ని చేసినవాళ్లే 2020 జనవరి 1న వదిలేశారు.

9 జూన్, సోమవారం

గింప్‌లోకి జిమిక్ అనే ప్లగిన్ ఎక్కించాను. ఫ్రాన్స్‌లో కాన్ ఊళ్లోని గ్రేక్ పరిశోధనశాలలో 2008 నుంచి తయారవుతోంది. 500కు పైగా ఫిల్టర్లు, అన్నీ ఉచితం. వాళ్ల సొంత సైటు నుంచే దించుకున్నాను. ప్లగిన్ అంటే బొమ్మల మీద పూసే రంగు కాదు, మన కంప్యూటర్లో మన అధికారాలతో నడిచే పూర్తి ప్రోగ్రామ్. ఎవరో ఎక్కడో పెట్టిన జిప్ ఫైలు తెచ్చుకోకూడదు.

చేత్తో పెట్టేవాళ్లు 3.0లో ఒకటి గుర్తుంచుకోవాలి. ప్రతి ప్లగిన్‌కీ సొంత ఫోల్డరుండాలి, ఆ ఫోల్డరు పేరూ లోపలి ఫైలు పేరూ ఒకటే కావాలి. ఎక్కడ పెట్టాలో ప్రిఫరెన్సెస్‌లో ఫోల్డర్స్ కింద కనిపిస్తుంది. పెట్టాక గింప్ మూసి మళ్లీ తెరవాలి, కొత్తవి వచ్చాయేమో అది తెరిచేటప్పుడే చూసుకుంటుంది.

11 జూన్, బుధవారం

లేయర్‌కి నకలు తీసి, మడత గీత పొడవునా అచ్చ ఎరుపు పూసి, జిమిక్‌లోని ఇన్‌పెయింట్ ఫిల్టర్ నడిపాను. ఎర్రగా ఉన్నచోటల్లా చుట్టుపక్కల నుంచి తెచ్చి పూడుస్తుంది. బ్రష్ కాకుండా పెన్సిల్ పనిముట్టు వాడాలి. బ్రష్ అంచులు మెత్తగా కరిగిపోతాయి, ఆ సగం ఎరుపు ఫిల్టర్‌కి అందక గులాబీ చారలా మిగిలిపోతుంది. గోడ మీద గీత ఆనవాలు లేకుండా పోయింది. చీర అంచులో జరీ గళ్లు కూడా చక్కగా కలిశాయి.

చెంప దగ్గర ఆపేశాను. అక్కడ అది పూడ్చేది అమ్మమ్మ చెంప కాదు, పక్కనుంచి ఎత్తుకొచ్చిన తునక. నునుపు చేసే ఫిల్టర్ కూడా వేసి చూశాను. అమ్మవారు పోసిన మచ్చలన్నీ మాయమై, ఎవరో తెలియని పిల్ల కూర్చున్నట్టుంది. నకలు ఒకటి ఉంచుకుని వెంటనే తీసేశాను.

14 జూన్, శనివారం

పిన్నికి నునుపు చేసినదీ చేయనిదీ రెండూ చూపించాను. నున్నటిదాన్ని చూడగానే, “ఇదెవర్రా? మా అమ్మ మచ్చలు మా అమ్మకుంచు. ముక్కుపుడక మాత్రం కనబడాలి సుమా” అంది. పిన్ని చెప్పిందే సరైన కొలత. చెంప మీద గీతను హీల్ పనిముట్టుతో, బాగా దగ్గరికి జూమ్ చేసి, గీత వెడల్పు మేరకే చుక్కచుక్కగా సరిచేశాను. ముక్కుపుడక జోలికి పోలేదు.

పాత ఫొటోలు బాగుచేసేవాళ్లు గోడలకీ బట్టలకీ ఫిల్టర్లు ఎన్నయినా వాడుకోండి. మొహాలకు మాత్రం వాడకండి. తాకని స్కాన్ ఒకటి విడిగా దాచి పెట్టండి.