హీటరు చల్లబడిన కారు

శ్రీముఖలింగములో ఎవరైనా కారు హీటరు బాగుచేయించుకోవాలంటే పక్కవారు నవ్వుతారు. వంశధార ఒడ్డున ఎంత చలికాలమైనా ఒక దుప్పటి చాలును. వేసవిలో ఆ మీట వైపు చూసేవారే ఉండరు. అయితే క్రిస్మసు నెల వచ్చిందంటే మన ప్రాంతపు విశ్వాసులు అరకు, పాడేరు వైపు కొండ గ్రామాలకు కూడికల కోసం వెళ్తూనే ఉంటారు. అటువంటి కుటుంబాల కోసము ఈ సంగతి వ్రాస్తున్నాము.

పోయిన డిసెంబరులో మేము అరకు దగ్గర ఒక పల్లెలో క్రిస్మసు కూడిక ముగించుకొని తెల్లవారక మునుపే బయలుదేరాము. కారులో ఆరుగురము. మా అమ్మాయి ఒడిలో తొమ్మిది నెలల పసివాడు. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అనంతగిరి ఘాటు దిగుతుండగా ముందు అద్దము లోపలివైపు తెల్లగా మసకబారింది. గుడ్డతో తుడిస్తే అర నిమిషము కూడా నిలువలేదు. హీటరు పూర్తిగా త్రిప్పితే గాలి జోరుగానే వచ్చింది గాని గోరువెచ్చగానైనా లేదు. ఎదురుగా లారీ దీపాలు పడేసరికి అద్దమంతా తెల్లని తెర అయిపోయింది. ప్రక్కన లోయ. ప్రభువు దయవలన ఒక మలుపు దాటాక రోడ్డు వెడల్పుగా ఉన్న చోటు దొరికింది. అక్కడ బండి ఆపి, కిటికీలు కొంచెము దించి, పసివానికి ఉన్న దుప్పట్లన్నీ చుట్టి, వెలుగు వచ్చేవరకు ప్రార్థనలో కూర్చున్నాము.

ఆరుగురి ఊపిరిలోని తేమ చల్లని అద్దము మీద చేరి మంచులా పడుతుంది. వేడి గాలి అద్దానికి తగిలితే ఆ తేమ ఆరిపోతుంది. కొండదారిలో హీటరు సుఖము కోసం కాదు, చూపు కోసం. (ఏసీ ఉన్న కారైతే దానిని కూడా కలిపి వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా మీట త్రిప్పితే ఇంకా త్వరగా విడుతుంది.)

ఇంటికి చేరాక బండిని నరసన్నపేటలో ఒక మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్ళాము. ఆయన హీటరు ముట్టనే లేదు. "ఏటి బాబూ, ముందు నీళ్ళు చూశారా?" అన్నాడు.

కారు హీటరుకు వేరే పొయ్యి లేదు. ఇంజను చుట్టూ తిరిగి కాగిన నీరే రెండు రబ్బరు పైపుల గుండా స్టీరింగు ముందరి బల్ల వెనుకనున్న చిన్న రేడియేటరులోకి వచ్చి వెళుతుంది. దాని గుండా ఫ్యాను గాలి తోలుతుంది. నీరు తగ్గితే చాలా బండ్లలో ముందుగా గాలి చేరేది ఆ చిన్న రేడియేటరులోనే. అందుచేత హీటరు చల్లబడుట ఒక్కొక్కసారి ఇంజనులో నీరు తగ్గిందనే మొదటి గుర్తు. దానిని పట్టించుకోకపోతే ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది, దాని ఖర్చు సామాన్య కుటుంబము భరించలేనిది. మాకైతే సిద్దెలలో నూనె లేని కన్యకలు గుర్తుకు వచ్చారు. దివిటీలు వారికీ ఉన్నాయి గదా!

ఇంజను పూర్తిగా చల్లారాక మూత తీసి చూస్తే రెండు చెంబుల నీరు తక్కువగా ఉంది. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత ఎన్నటికీ తీయకూడదు. ఆవిరి ముఖము మీదికి ఎగజిమ్ముతుంది. ఒక పైపు బిగింపు దగ్గర బొట్టు బొట్టుగా కారుతున్నది. క్లిప్పు మార్చి, నీరు నింపి, హీటరు మీట వేడి వైపు ఉంచి, ఇంజను నడిపించి, లోపలి గాలి బుడగలు పోయేవరకు చూశాడు. కొంత మెరుగైంది గాని చాలలేదు.

అప్పుడు ఇంజను కాగాక ఆ రెండు పైపులను, ఫ్యానుకు చేయి దూరముగా ఉంచి, గుడ్డ అడ్డము పెట్టుకొని తాకి చూపించాడు. ఒకటి కాలిపోతున్నది, రెండవది చల్లగా ఉంది. అంటే లోపల దారి మూసుకుపోయింది. రెండూ వేడిగా ఉంటే తప్పు గాలి దారిలోని రేకుదో దాని తీగదో. రెండూ గోరువెచ్చగా ఉండి, నీరు నిండుగానే ఉండి, వేడి చూపే ముల్లు కూడా పైకి లేవకపోతే థెర్మోస్టాటు తెరుచుకొని ఉండిపోయిందని అనుమానించాలి. మామూలుగా అది నీరు 80 నుండి 90 డిగ్రీల మధ్య కాగాకనే తెరుచుకోవాలి.

మా కారు మేము కొనకముందు ఎవరో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళు పోశారు. అన్నము వండే గిన్నెకు పట్టే తెల్లని పొరే అక్కడా పట్టింది. రెండు పైపులు విప్పి, నీరు బయటికి వచ్చే వైపునుండి మెల్లగా ఎదురు నీళ్ళు పట్టాడు. జోరుగా పడితే పాత గొట్టాలు చిట్లుతాయట. మొదట ఇటుక రంగు నీళ్ళు, తరువాత సున్నపు పెచ్చులు వచ్చాయి. తేటనీరు వచ్చేసరికి అరగంట పైగా పట్టింది.

ఇప్పుడు కూలెంటు సగము, డిస్టిల్డ్ వాటర్ సగము కలిపి పోశాము. మన ఊళ్ళలో నీరు గడ్డకట్టదు గదా అని కొందరు అడిగారు. గడ్డకట్టకపోయినా తుప్పు పడుతుంది. అయితే ఆ కూలెంటు తియ్యగా ఉండే విషము. పిల్లలకు, కుక్కలకు, పశువులకు అందనీయకండి. తీసిన పాత నీటిని కాలువలో పోయవద్దు.

ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను ముల్లు పైపైకి పోతుంటే, ఏసీ కట్టివేసి హీటరు పూర్తిగా వేయండి. లోపల చెమటలు పట్టినా ఇంజను వేడి కొంత బయటికి పోతుంది. ఆగే చోటు దొరకగానే బండి ఆపండి.

ఈ మాట విని సంఘపు యౌవనస్థులు తమ జీపు తీసుకువచ్చారు. నీరు నిండుగా ఉంది, పైపులు రెండూ గోరువెచ్చగా ఉన్నాయి. థెర్మోస్టాటు శ్రీకాకుళము నుండి తెప్పిస్తున్నారు.