ముగింపు తెలిసీ చదివిన పుస్తకం

‘స్ట్రేంజర్ థింగ్స్’ చూసినవాళ్లకి టెర్రీ ఐవ్స్ గుర్తుండే ఉంటుంది. ఎలెవెన్ వాళ్లమ్మ. కుర్చీలో కూర్చుని శూన్యంలోకి చూస్తూ ఉంటుంది. రెండో సీజన్‌లో అయితే అవే నాలుగైదు మాటలు తిప్పి తిప్పి అంటూ ఉంటుంది. 2016లో మొదటి సీజన్ వచ్చినప్పుడు నేను బీటెక్‌లో ఉన్నా. హాస్టల్లో ఒక్క లాప్‌టాప్ ముందు ఐదుగురం. ఆవిడ సీన్ రాగానే ‘ఫార్వర్డ్ కొట్టరా’ అన్నది నేనే. మాకు కావాల్సింది డెమోగోర్గన్. కుర్చీలో కూర్చున్నావిడతో మాకేం పని?

ఆ టెర్రీ కాలేజీ రోజుల మీద ఒక ప్రీక్వెల్ నవల ఉంది. పేరు ‘సస్పీషియస్ మైండ్స్’, రాసింది గ్వెండా బాండ్, 2019లో వచ్చింది. కిండిల్‌లో కొని చాలాకాలం అలా పడేసి ఉంచా. మొన్న పండక్కి ఊరెళ్తూ బస్సులో మొదలుపెట్టా. హైదరాబాద్ నుంచి విజయవాడ, అక్కణ్ణుంచి అవనిగడ్డ వైపు. సిగ్నల్ సరిగా లేదు కాబట్టి పుస్తకానికి అదృష్టం.

కథ 1969లో, ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో జరుగుతుంది. అక్కడ యూనివర్సిటీలో చదువుకునే అమ్మాయి టెర్రీ. ఏదో ప్రయోగానికి మనుషులు కావాలంటే, డబ్బులొస్తాయని తన రూమ్మేట్ వెళ్లి, భయపడి మానేస్తుంది. ఆ స్థానంలో టెర్రీ వెళ్తుంది. వ్యాన్‌లో ఎక్కించుకుని హాకిన్స్ ల్యాబ్‌కి తీసుకెళ్తారు. అక్కడ డాక్టర్ బ్రెన్నర్. ఎల్‌ఎస్‌డీ ఇచ్చి మనసులో ఏం జరుగుతుందో రాసుకుంటూ ఉంటాడు.

ఇదంతా ఉత్త కల్పన అనుకోవద్దు. హాకిన్స్ ఊరు కల్పితం, బ్రెన్నర్ కల్పితం. కానీ ఎంకే అల్ట్రా పేరుతో సీఐఏ 1953 నుంచి నిజంగానే ఇలాంటి ప్రయోగాలు చేసింది, కొందరి మీద వాళ్లకి తెలియకుండానే. 1973లో ఆ ఫైళ్లు చాలావరకు తగలబెట్టించారు. 1977లో వేరేచోట మిగిలిపోయిన ఇరవై వేల పేజీలు బయటపడ్డాయి. అంటే పోయిన పేజీల్లో ఎన్ని పేర్లున్నాయో ఇక ఎవరూ చెప్పలేరు.

నవలగా గొప్పదేం కాదు, నిజం చెప్పాలంటే. ల్యాబ్ సీన్లు ఒక్కలాగే మళ్లీ మళ్లీ వస్తాయి. కొన్నిచోట్ల డైలాగులు అతికించినట్టుంటాయి. కానీ స్నేహితులు భలే కుదిరారు. ఆలిస్ అని గ్యారేజీలో పనిచేసే మెకానిక్ పిల్ల, మనుషుల కన్నా మెషీన్లే నయం అనుకునే రకం. ఇంజనీర్లకి వెంటనే నచ్చేస్తుంది. గ్లోరియాకి కామిక్స్ పిచ్చి. టెర్రీ బాయ్‌ఫ్రెండ్ ఆండ్రూని వియత్నాం యుద్ధానికి పంపుతారు, తిరిగి రాడు. టెర్రీకి తను గర్భవతినని తెలిసేసరికే ఆలస్యమవుతుంది.

ఇక్కడే నాకో విచిత్రం జరిగింది. చివరికి ఏమవుతుందో నాకు తెలుసు కదా. పాపని లాక్కుంటారు. టెర్రీ ఆ కుర్చీలోకి చేరుతుంది. సీరియల్ చూసిన ప్రతివాడికీ తెలుసు. అయినా ‘ఇవాళ వ్యాన్ ఎక్కకు, ఊరు వదిలి పారిపో’ అని లోపల్లోపల అంటూనే ఉన్నా. రిజల్ట్ వచ్చేసిన మ్యాచ్ హైలైట్స్ చూస్తూ ‘అవుటవ్వకు, అవుటవ్వకు’ అనుకున్నట్టు.

పుస్తకం సగంలో ఉండగా ఇల్లు వచ్చేసింది.

మా నానమ్మకి మతిమరుపు వచ్చి రెండేళ్లయింది. వరండాలో కుర్చీలో కూర్చుని మూడే ముక్కలు అంటుంది. ‘గొళ్లెం తియ్యి. లాంతరు ఎత్తు. పాపనిటియ్యి.’ గొళ్లెం అనగానే ఎవరో ఒకళ్లు ‘తీసే ఉంది మామ్మా’ అంటారు. పాప అంటే మా కజిన్ కూతుర్ని తెచ్చి ఒళ్లో పెడతారు, ఆవిడ దాని మొహం కూడా చూడదు. లాంతరు అన్నప్పుడు మాత్రం అత్తయ్య తన ఫోన్‌లో టార్చ్ వేసి చెయ్యి పైకెత్తి పట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి కూడా. నేను దాన్ని వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా ఒకసారి. అందరూ నవ్వుతున్న ఎమోజీలు పెట్టారు. నాన్న ఏమీ పెట్టలేదు. అప్పుడు నేను గమనించనే లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మిగతా పుస్తకం చదువుతుంటే అత్తయ్య పక్కన కూర్చుని కథ అడిగింది. చెప్పా. అవే మాటలు ఎందుకంటుంది ఆవిడ అని అడిగింది. అవి పిచ్చి మాటలు కాదత్తయ్యా, కూతుర్ని పోగొట్టుకున్న కథ అంతా ఆ మాటల్లోనే ఇరుక్కుపోయింది, ఎవరికీ అర్థం కాలేదంతే అన్నా.

అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మీ నానమ్మ అనే లాంతరు మాట నాకేరా’ అంది.

1977 నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారని స్కూల్లో చదువుకున్నా, అదొక రెండు మార్కుల ప్రశ్న. అప్పుడు అత్తయ్యకి తొమ్మిదేళ్లు, నాన్నకి ఐదు. నాన్న తర్వాత ఇంకో ఆడపిల్ల ఉందని, దానికి ఏడాది నిండలేదని నాకు ఆ రాత్రే తెలిసింది. మా ఇంట్లో ఒక్క ఫొటో లేదు, ఏ కాగితం మీదా పేరు లేదు.

గాలికి తలుపులు బిగించి కూర్చున్నారట. నీళ్లు గుమ్మం దాటాక తాతయ్యని గొళ్లెం తియ్యమంది నానమ్మ. పక్కింటి డాబా ఒక్కటే దిక్కు. నానమ్మ ముందెక్కి ఒక్కొక్కరినీ పైకి లాగుతోంది. అత్తయ్య ఎక్కాక చేతికి లాంతరిచ్చి ఎత్తి పట్టుకోమంది, కింద మెట్లు కనిపించాలని. నాన్న ఎక్కాడు. పాప పిన్నమ్మమ్మ చేతుల్లో ఉంది, నానమ్మ చెల్లెలు. పాపనిటియ్యి అని నానమ్మ చెయ్యి చాపింది.

అత్తయ్య చెబుతుంటే నేను మళ్లీ బస్సులో చదివినప్పటిలాగే అయిపోయా. పాప లేదని తెలుసు. ఉంటే నాకు ఇంకో అత్తయ్య ఉండేది కదా. అయినా ఆ చెయ్యి అందాలి, అందాలి అనుకుంటున్నా.

‘గాలికి ఆరిపోయిందిరా లాంతరు’ అంది అత్తయ్య. ‘మళ్లీ వెలిగించడానికి ఏముంది అక్కడ? తెల్లారేదాకా అమ్మ ఎత్తు ఎత్తు అంటూనే ఉంది. నేను ఆరిపోయిన లాంతరే ఎత్తి పట్టుకున్నా.’

తుపాను వార్తలు రాగానే నాన్న టీవీ ఛానెల్ ఎందుకు మారుస్తాడో ఇన్నేళ్లూ నాకు తెలీదు. న్యూస్ అంటే ఇష్టం ఉండదనుకున్నా.

ఆ వీడియో గ్రూపులోంచి తీసేద్దామని ఫోన్ తీశా. రెండేళ్ల కిందటిది, అందరికీ డిలీట్ చేసే ఆప్షన్ ఎప్పుడో పోయింది. నా ఫోన్లో మాత్రం పోయింది.

అత్తయ్య లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

‘ఇంతకీ ఆ పిల్ల తల్లి దగ్గరకి వస్తుందా చివరికి?’

‘సీరియల్లో వస్తుంది అత్తయ్యా, రెండో సీజన్లో. పుస్తకంలో ఇంకా రాదు.’

‘అయితే రేపు ఆ సీరియలే పెట్టు’ అంది.