చంద్రగుప్తుడు, మా మనవరాలి స్లిప్ టెస్టు

ఈ రోజు వరి గురించి కాదు, మినుము గురించి కాదు. నవలల గురించి. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

మా బోదెకు నీళ్ల వంతు ఎక్కువగా రాత్రిపూటే వస్తుంది. తూము దగ్గర కూర్చుని ఏం చేస్తాం? సెల్లు లైటు వేసుకుని పుస్తకం చదువుతా. రాజుల కుట్రలున్న నవలలంటే నాకు పిచ్చి. రాజుకి విషం ఎవరు పెట్టారు, మంత్రి ఎవరి మనిషి, అసలు చరిత్ర మన దగ్గర ఎందుకు దాచారు అని మొదలైందా, ఇంక పుస్తకం దించను. ఒకసారి ఆ ధ్యాసలో మడి నిండి, గట్టు పొర్లి, నీళ్లు పక్కాయన చేలోకి పోయాయి. ఆయన తిట్లు కూడా రెండు పేజీలకు సరిపోతాయి.

ఈ రకంలో పెద్ద పని చేసింది మన జిల్లా మనిషే, నందమూరులో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ గారు. పురాణవైర గ్రంథమాల అని పన్నెండు నవలలు. మగధ గద్దె కథలు. పురాణాల్లో ఆ వరస చూస్తేనే ఒళ్లు జలదరిస్తుంది. రిపుంజయుణ్ణి సొంత మంత్రే చంపి కొడుకుని గద్దెనెక్కించాడు. మౌర్యుల్లో చివరివాణ్ణి సేనాపతి పుష్యమిత్రుడు చంపాడు. ఆ శుంగుల్లో చివరివాణ్ణి మంత్రి వాసుదేవుడు తప్పించాడు. ఆ కాణ్వుల్లో చివరివాణ్ణి మన ఆంధ్రుడు లేపేశాడు. మన పక్క శ్రీకాకుళమే ఆంధ్రుల తొలి రాజధాని అని పెద్దలు చెప్పే మాట గుర్తొచ్చి, చంపినవాడు మనోడే అని నాకు లోపల్లోపల సంతోషం. తప్పే అనుకోండి.

ఈ నవలల వెనక విజయవాడ కోట వెంకటాచలం గారి వాదం ఉంది. అలెగ్జాండరు కాలం నాటి చంద్రగుప్తుడు మౌర్యుడు కాదు, గుప్తవంశం వాడు. మౌర్యుడు క్రీ.పూ. 1534 నాటివాడు. 1793లో విలియం జోన్స్ మౌర్యుణ్ణి తెచ్చి అలెగ్జాండరు పక్కన నిలబెట్టాడు, దాంతో మన చరిత్ర పన్నెండు వందల ఏళ్లు తరిగిపోయింది అని. తెల్లవాడు మోసం చేశాడంటే మనం కాదంటామా? నేను నమ్మేశా. ఊరుకోక ఆరో తరగతి చదివే మనవరాలికి కథగా చెప్పా.

అది వెళ్లి స్లిప్ టెస్టులో 1534 అని రాసొచ్చింది. ఎర్ర సిరాతో కొట్టేసిన పేపరు నా మంచం మీద పెట్టి, ఏమీ అనకుండా లోపలికెళ్లింది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు టీ కొట్టు దగ్గర రిటైరైన సోషల్ మాస్టారిని అడిగా. ఆయన అన్నది ఒకటే. "కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనం ఉంది. అందులో తన కాలపు యవన రాజులు ఐదుగురి పేర్లు చెక్కించాడు. వాళ్లంతా క్రీ.పూ. మూడో శతాబ్దం వాళ్లు. అశోకుడి తాతని 1534కి ఎలా తోస్తావయ్యా?"

అప్పుడు తట్టింది. ఇది చెక్కుబందీ కదా! దస్తావేజులో తూర్పున ఫలానా వారి చేను, పడమర ఫలానా వారి చేను అని రాస్తాం. పడమటి రైతు ఎప్పటివాడో తేలితే దస్తావేజు ఎప్పటిదో తేలిపోతుంది. అశోకుడు పడమటి హద్దు రాళ్ల మీద చెక్కించి పోయాడు. దాన్ని జరపడం జోన్సు వల్లా కాదు, నా వల్లా కాదు.

సాయంత్రం మనవరాలికి ఇదే చెప్పి, తప్పు నాదేనని ఒప్పుకున్నా. "మరి ఆ కథలు చెప్పవా తాతయ్యా?" అంది. ఎందుకు చెప్పనూ, నవలలు మానలేదు. మొన్న వంతు రోజు కూడా ఒకటి పట్టుకెళ్లా.

కాకపోతే ఇప్పుడు కథ మధ్యలో ఆపి అడుగుతోంది, "ఇది పుస్తకంలోదా, రాయి మీదదా?" అని. సగం సార్లు లేచెళ్లి మాస్టారిని అడిగి రావాల్సొస్తోంది.